బటన్ వేషం

కొత్తవలస జంక్షన్ దగ్గర హౌరా–చెన్నై ప్రధాన మార్గం నుంచి ఒక లైను విడిపోయి శృంగవరపుకోట, బొర్రా, అరకు మీదుగా కిరండూల్ దాకా కొండలెక్కుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం కిందికి దిగేది ఆ దారినే. ఆ కొత్తవలసలో జరిగిన ఈ సంవాదంలో ఒకరు రైల్వే సిగ్నల్ శాఖలో చేసి రిటైరైన పెద్దాయన. గ్లకోమాతో చూపు బాగా తగ్గింది. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంటే కీబోర్డుతో పని కానిస్తారు. రెండోవారు ఆయన మేనకోడలు. విశాఖలో ఒక కంపెనీకి వెబ్ పేజీలు తయారుచేస్తుంది. చాలా రోజులు కొత్తవలసలో ఇంటి నుంచే పని. వాళ్ళ గొడవ ఆ అమ్మాయి చేసిన ఒక ఆస్పత్రి అపాయింట్‌మెంట్ పేజీతో మొదలైంది. అది ఏ ఆస్పత్రిదో మనకు అనవసరం, అలాంటి పేజీలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. వాదన జరిగినట్టే రాస్తున్నాను. నోరు కట్టుకోలేని చోట మాత్రం బ్రాకెట్లలో దూరాను.

మావయ్య: నిన్న మీ పేజీలో డాక్టరుగారి టైము తీసుకుందావని కూచున్నానమ్మా. పేరు రాసేను, వయసు రాసేను, ఫోన్ నంబరు రాసేను. ఆ తరవాత ట్యాబ్ నొక్కితే తిన్నగా పేజీ అడుగున 'మా గురించి' దగ్గరికి పోనాది. మధ్యలో 'బుక్ చెయ్యండి' అని ఒకటుండాలి కదా, అదేటయింది?

మేనకోడలు: ఉంది మావయ్యా. నీలం రంగులో, గుండ్రటి మూలలతో, ఇంత పెద్దది. మౌసు పెడితే రంగు కూడా మారుతుంది.

మావయ్య: రంగు నాకెలగ తెలుస్తాది? కోడులో దాన్నేటని రాసేవు?

మేనకోడలు: డివ్. దానికి ఆన్‌క్లిక్ తగిలించాను. రూపం సంగతంతా సీఎస్‌ఎస్ చూసుకుంటుంది.

మావయ్య: అంటే బటన్ వేషం కట్టిన డివ్వు.

మేనకోడలు: వేషమే అనుకో. వేషం కుదిరితే చాలదా? అసలు బటన్ ట్యాగు పెడితే ఎంత చాకిరీయో నీకు తెలీదు. ప్రతి బ్రౌజరూ తన సొంత బూడిదరంగు, తన సొంత అంచు పెట్టేస్తుంది. పేజీ మొత్తానికి నేనిచ్చిన ఫాంటు దానికి అంటదు. క్రోమ్‌లో అయితే 13.33 పిక్సెళ్ళ సైజులో ఏరియల్ వచ్చి కూర్చుంటుంది. ఏరియల్‌లో తెలుగు అక్షరాలే లేవు, సిస్టమ్ ఎక్కడి నుంచో ఇంకో ఫాంటు వెతికి తెస్తుంది. డిజైనర్ పంపిన బొమ్మకీ దీనికీ పోలికే ఉండదు. డివ్ అలా కాదు, తనంటూ ఏ గుణమూ లేని ఖాళీ డబ్బా. నేను ఏం గీస్తే అదే.

మావయ్య: పేజీ ఫాంటే నువ్వూ తీసుకో అని బటన్‌కి చెప్పడానికి ఎన్ని లైన్లు కావాలి?

మేనకోడలు: ఒకటి. 'ఫాంట్: ఇన్‌హెరిట్' అని.

మావయ్య: ఆ బూడిదరంగూ అంచూ తీసీడానికి?

మేనకోడలు: ఇంకో రెండు మూడు. 'ఆల్: అన్‌సెట్' అని ఒక్క ముక్కతో మొత్తం తుడిచేయొచ్చు కూడా. కానీ అలా తుడిస్తే, కీబోర్డు ఇప్పుడు దేని మీద ఉందో చూపించే గీత కూడా పోతుంది. దాన్ని మళ్ళీ మనమే గీసుకోవాలి.

మావయ్య: నాలుగైదు లైన్లు బరువైపోయి బటన్నే వదిలీసేవన్నమాట.

(తెలుగు గురించి ఆ అమ్మాయి అన్నదాంట్లో నిజం ఉంది. ఇంగ్లీషు అక్షరాల కొలతకి ఎత్తు బిగించేసిన బటన్ల మీద 'రద్దు', 'దరఖాస్తు' లాంటి మాటలు పెడితే కింది ఒత్తు సగానికి తెగిపోతుంది. ఎత్తును పిక్సెళ్ళలో బిగించకుండా పైనా కిందా కొంత ఖాళీ ఇచ్చి వదిలేస్తే, అక్షరం తనకు కావలసిన చోటు తనే తీసుకుంటుంది. ఈ నేరం డివ్ చేసినా నేరమే, బటన్ చేసినా నేరమే. ఒత్తు తెగిన పేజీని తెలుగువాళ్ళు తెలుగువాళ్ళకి ఎలా అప్పగిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.)

మేనకోడలు: ఇది నేనొక్కదాన్నే చేస్తున్న పని కాదు మావయ్యా. బటన్ ట్యాగుకి మా వృత్తిలో మొదటి నుంచీ మంచి పేరు లేదు. 1995లో హెచ్‌టీఎమ్‌ఎల్ 2.0 వచ్చేసరికే ఫారాలున్నాయి. కానీ పంపడానికి ఇన్‌పుట్ ట్యాగులో సబ్మిట్ అనే రకం వాడేవాళ్ళు, దాని మీద ఉత్త అక్షరాలే పట్టేవి. బొమ్మా అక్షరాలూ కలిపి పెట్టుకునే బటన్ ట్యాగు 1997 డిసెంబరులో హెచ్‌టీఎమ్‌ఎల్ 4తో వచ్చింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దాన్ని సరిగ్గా నడిపితే ఒట్టు. బటన్‌కి మనమిచ్చిన విలువ పంపకుండా, దాని మీద రాసున్న అక్షరాల్ని సర్వర్‌కి పంపేది. ఆరో వెర్షన్ అయితే మరీ దారుణం. ఫారంలో మూడు బటన్లుంటే, ఒకటే నొక్కినా మూడిటినీ పంపేది. మా సీనియర్లు విసిగిపోయి డివ్‌లకి అలవాటుపడ్డారు. వాళ్ళ దగ్గర మేం నేర్చుకున్నాం.

మావయ్య: ఆ ఎక్స్‌ప్లోరర్ ఇంకా ఉన్నాదేటి?

మేనకోడలు: 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది.

మావయ్య: నేను రిటైరైన మర్నాటి నుంచి నాకు భయపడినోడు ఒక్కడు లేడమ్మా. దానికి మాత్రం మీరింకా భయపడతన్నారు.

మేనకోడలు: సరే, చరిత్ర వదిలేద్దాం. నేను చెప్పేది ఏంటంటే, బటన్ చేసే పనులన్నీ డివ్‌కి కూడా నేర్పొచ్చు. ట్యాబ్ దాని మీద ఆగాలంటే 'ట్యాబ్‌ఇండెక్స్ 0' ఇవ్వాలి. స్క్రీన్ రీడర్ 'బటన్' అని చదవాలంటే 'రోల్ బటన్' అని ఇవ్వాలి. 2014లో దీనికోసమే ఏరియా అనే ప్రమాణం వచ్చింది.

మావయ్య: ఆ రెండూ ఇస్తే ఎంటర్ పనిచేస్తాదా?

మేనకోడలు: చెయ్యదు. రోల్ అంటే పేరు మాత్రమే, పని రాదు. ఎంటర్ కీ కోసం స్క్రిప్టు రాయాలి. స్పేస్ కోసం ఇంకోటి, ఎందుకంటే అసలు బటన్ ఎంటర్ నొక్కగానే పనిచేస్తుంది, స్పేస్ మాత్రం నొక్కి వదిలాకే. పైగా స్పేస్ నొక్కితే పేజీ కిందికి జారిపోతుంది, అలా జారకుండా ఆపాలి. ఫారాన్ని పంపే పని డివ్‌కి తెలీదు, అదీ మనమే చెప్పాలి. పనిచెయ్యకుండా ఆపి ఉంచాల్సి వస్తే ఆ లెక్కంతా వేరే.

మావయ్య: ఇవన్నీ ఆ పేజీలో రాసేవా?

మేనకోడలు: ...లేదు.

మావయ్య: రాసినోడినెవర్నైనా చూసేవా?

మేనకోడలు: తక్కువే. కోడ్ సరిచూసే ఈఎస్‌లింట్‌కి ఒక ప్లగిన్ ఉంది. డివ్‌కి ఆన్‌క్లిక్ పెట్టి కీబోర్డు సంగతి రాయకపోతే అరుస్తుంది. రిలీజు దగ్గరపడితే దాని నోరు నొక్కేస్తాం. కానీ మావయ్యా, ఒక్క విషయం. నీ ఎన్‌వీడీఏకి నా డివ్ అసలు దొరకలేదనడం న్యాయం కాదు. ట్యాబ్ మానేసి కింది బాణంతో వరసగా చదువుకుంటూ వస్తే 'బుక్ చెయ్యండి, క్లిక్కబుల్' అంటుంది. అక్కడ ఎంటర్ కొడితే మౌసుతో నొక్కినట్టే నొక్కుతుంది.

మావయ్య: అది నిజవే. ఆఖరికి నేను చేసింది అదే. కానీ నీ పేజీలో అది దేనికి 'క్లిక్కబుల్' అన్లేదు? డాక్టరు బొమ్మకీ అంది, పేరుకీ అంది, ఏటీ లేని చోటా అంది. మామూలుగా నేను 'బి' అక్షరం నొక్కితే తరవాతి బటన్ దగ్గరికి తీసుకెళ్తాది, 'హెచ్' నొక్కితే తరవాతి శీర్షిక దగ్గరికి. నీ పేజీలో 'బి' నొక్కితే ముందు బటన్లే లేవంది. అన్నీ ఉన్న పేజీలో ఒక్క బటనూ లేదట!

మేనకోడలు: స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళు ఎంతమందని? నువ్వు కాబట్టి పట్టుదలగా నేర్చుకున్నావు.

మావయ్య: ఎన్‌వీడీఏ ఉచితం. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అని, తనకీ చూపు లేదు, 2006లో మొదలుపెట్టేడు. డబ్బు పెట్టి కొనలేనోళ్ళకి అందాలనే చేసేడు. నన్ను వదిలీ. మన వీధి చివర లోకో పైలట్‌గా చేసినాయన ఉన్నాడు కదా, పార్కిన్సన్స్. అతని చూపు శుభ్రంగా ఉన్నాది, చెయ్యే వణుకుతాది. మౌసు పట్టుకోలేడు, కీబోర్డు మీద ట్యాబ్ మాత్రం కొట్టగలడు. అతనికి ఎన్‌వీడీఏ లేదు, దాని అవసరమూ లేదు. నీ నీలం డివ్వు అతనికి ఎదురుగానే కనిపిస్తాది. ఎలగ నొక్కుతాడు?

మేనకోడలు: ఫోన్‌లో...

మావయ్య: వణికే వేలితో ఫోన్‌లోనా?

(ఈ ప్రశ్న దగ్గర మేనకోడలు కొంతసేపు మాట్లాడలేదు. స్క్రీన్ రీడర్ గురించి వాదించేటప్పుడు చాలామంది కన్ను దగ్గరే ఆగిపోతారు, చెయ్యి దాకా రారు. కీబోర్డుతో అన్నీ చెయ్యగలగాలన్నది డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ మార్గదర్శకాల్లో అట్టడుగు మెట్టు, 'ఎ' స్థాయి. 2023 అక్టోబరులో వచ్చిన 2.2 వెర్షన్ 'ఎఎ' స్థాయిలో వేలికి కూడా ఒక కొలత పెట్టింది. కొన్ని మినహాయింపులు పోను, నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ళ చదరం ఉండాలి. వణికే వేలికి అది కూడా చిన్నదే.)

మేనకోడలు: ఒక్క ట్యాగు కోసం ఇంత రాద్ధాంతమా? పైకి కనిపించేదీ అదే, నొక్కితే జరిగేదీ అదే.

మావయ్య: స్టేషన్లో సిగ్నల్ పానెల్ ఎప్పుడైనా దగ్గరుండి చూసేవా? స్టేషన్ మాస్టరు ముందు యార్డు బొమ్మంతా గీసి, దాని మీద బటన్లుంటాయి. బండిని లోపలికి తీసుకోవాలంటే సిగ్నల్ బటన్ ఒక చేత్తో, రూట్ బటన్ ఇంకో చేత్తో, రెండూ ఒకేసారి నొక్కాలి. ఒక్కటే నొక్కితే ఏటీ అవదు, మోచెయ్యి తగిలి సిగ్నల్ ఇచ్చీకూడదు కదా. రెండూ నొక్కీసరికి వెనకాల రిలేలు చూసుకుంటాయి. ఆ లైను ఖాళీగా ఉన్నాదా, పాయింట్లు ఏ వైపున్నాయి, దీనికి అడ్డొచ్చే రూటు ముందే ఇచ్చీసి ఉన్నాదా. అన్నీ కుదిరితే పాయింట్లు తిరిగి లాకైపోతాయి, అప్పుడు గాని సిగ్నల్ రాదు. బటన్ లోపలే ఇరుక్కుపోయిందనుకో, బజర్ మోగుతాది. ఇచ్చిన రూటుని అత్యవసరంగా రద్దు చెయ్యాలంటే దానికి వేరే బటన్. అది వాడిన ప్రతిసారీ కౌంటర్‌లో అంకె పెరుగుతాది, మాస్టరు రిజిస్టర్‌లో కారణం రాయాలి, రూటు వదలడానికి 120 సెకండ్లు పడతాది. పైకి కనిపించీది వేలెడంత ప్లాస్టిక్ ముక్క. దాని వెనకాల గది నిండా రిలేలు. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్ తెర మీద మౌసుతోనే చేస్తన్నారు, వెనకాల తనిఖీ మాత్రం మారలేదు. నువ్వేటి చేసేవంటే, ఆ ప్లాస్టిక్ ముక్కొకటి బల్లకి అతికించి, అడుగున నీ సొంత తీగ ఒకటి లాగేవు.

మేనకోడలు: నా పేజీలో బండ్లు గుద్దుకోవు మావయ్యా.

మావయ్య: గుద్దుకోవు. కంటి ప్రెషర్ చూపించుకునే రోజు తప్పిపోతే ఏటవుతాదో నన్నడుగు.

మేనకోడలు: అది కాదు. నీకొచ్చిన కష్టం నిజమే, ఒప్పుకుంటాను. కానీ కొత్తవలసలో అపాయింట్‌మెంట్ తీసుకునే పదిమందిలో తొమ్మిది మంది ఫోన్‌లోనే తీసుకుంటారు. ట్యాబ్ కీ ఎలా ఉంటుందో కూడా వాళ్ళకి తెలీదు. ఫోన్‌లో తెర చదివి వినిపించే టాక్‌బ్యాక్ నా డివ్ దగ్గరికొచ్చినా 'రెండుసార్లు తట్టండి' అనే అంటుంది. ఇంకా చెప్పాలంటే, ప్రభుత్వమే వెబ్ పేజీలు దాటి వెళ్ళిపోతోంది. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవల్ని వాట్సాప్‌లోకి తెచ్చింది. ధ్రువపత్రాలకీ బిల్లులకీ జనం అందులోనే నొక్కుతున్నారు. ఇంకొన్నాళ్ళకి ఈ డివ్ బటన్ గొడవే ఉండదు.

మావయ్య: ఆ వాట్సాప్‌లో బటన్ ఎవరు చేసేరు?

మేనకోడలు: వాట్సాప్ వాళ్ళే. మనం అక్షరాలిస్తాం, అంతే.

మావయ్య: అంటే అక్కడ దాన్ని పాడుచేసే వీలు నీకు లేదు. అందుకే నాకు బాగా పనిచేస్తంది! బ్రౌజరులో కూడా బటన్ ఎవరో చేసి పెట్టీసేరు కదమ్మా, దాన్ని తీసుకోడానికేటి?

మేనకోడలు: (నవ్వి) సరే, ఆ దెబ్బ తిన్నాను.

మావయ్య: ఫోన్ అన్నావు కాబట్టి ఇంకోటి. శృంగవరపుకోట దాటి అనంతగిరి కొండలెక్కితే సిగ్నల్ వస్తాది, పోతాది. పేజీలో అక్షరాలు ముందొచ్చేస్తాయి, నీ స్క్రిప్టు ఎప్పటికో వస్తాది, ఒక్కోసారి రానే రాదు. అప్పుడు నీ డివ్వు ఏటి చేస్తాది?

మేనకోడలు: ఏమీ చెయ్యదు. ఎన్నిసార్లు నొక్కినా బొమ్మే.

మావయ్య: ఫారంలో అసలు బటన్ ఉంటే?

మేనకోడలు: స్క్రిప్టు లేకపోయినా బ్రౌజరే ఫారాన్ని సర్వర్‌కి పంపుతుంది. 1995లో ఎలా పంపిందో అలాగే.

(నా వరకు వాదన ఇక్కడే తేలిపోయింది. చూపు, చెయ్యి, వయసు సంగతులన్నీ పక్కన పెట్టినా, కొండ మీద రెండు గీతల సిగ్నల్‌తో కూర్చున్న ఇరవై ఏళ్ళ కుర్రాడికి కూడా అసలు బటనే కావాలి. దివ్యాంగుల కోసం చేసే దయ అన్నట్టు దీన్ని మాట్లాడేవాళ్ళు ఈ ఒక్క సంగతీ ఆలోచిస్తే బాగుండు. అయితే మేనకోడలు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఆ తరవాత తను చెప్పిన వాటిలో మావయ్యకి తెలియనివే ఎక్కువ.)

మేనకోడలు: ఇప్పుడు నేనడుగుతాను. నీ మాట ప్రకారం డివ్‌లన్నీ తీసేసి బటన్లు పెట్టేశాననుకో. పనైపోయిందా?

మావయ్య: అయిపోయినట్టే కదా.

మేనకోడలు: కాలేదు. ఫారం లోపల బటన్ పెట్టి ఏ రకమో చెప్పకపోతే, అది పుట్టుకతోనే సబ్మిట్. మా ఫారంలో ఓటీపీ 'మళ్ళీ పంపండి' అని ఒకటుంది. దాన్ని ఉత్త బటన్‌గా పెడితే, ఓటీపీ కోసం నొక్కిన మనిషి ఫారం సగంలోనే వెళ్ళిపోతుంది. 'టైప్ బటన్' అని విడిగా రాయాలి. అది తెలీక మా టీంలో ఒక కుర్రాడు బటన్ మీదే నేరం మోపి మళ్ళీ డివ్ పెట్టేశాడు.

మావయ్య: ఇది నాకు తెలీదు.

మేనకోడలు: ఇంకా ఉంది. నిన్న నువ్వు టైము ఎంచుకున్నావు కదా, తొమ్మిదిన్నర, పది, పదిన్నర. అవన్నీ స్పాన్‌లు, డివ్‌లాంటి ఖాళీ ట్యాగులే. వాటినేం చెయ్యమంటావు?

మావయ్య: బటన్లు చెయ్యి. నేను దేన్ని ఎంచుకున్నానో అది చెప్పనేలేదు. పదికి నొక్కేననుకుని పదిన్నరకి నొక్కినట్టున్నాను.

మేనకోడలు: బటన్లు చేస్తే ఆ తప్పు పోదు మావయ్యా. చాలావాటిలో ఒక్కటి ఎంచుకునే చోట కావలసింది రేడియో. అప్పుడు నీ ఎన్‌వీడీఏ 'పది గంటలు, రేడియో బటన్, ఎంచుకున్నారు, మూడింటిలో రెండోది' అన్న తరహాలో మొత్తం చెబుతుంది. బాణం కీలతో ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళొచ్చు, ట్యాబ్ ఒక్కసారి నొక్కితే ఆ గుంపు దాటిపోవచ్చు. ముప్ఫై టైముల్ని ముప్ఫై బటన్లు చేస్తే ముప్ఫైసార్లు ట్యాబ్ కొట్టుకుంటావు. ఇక 'డాక్టర్ల జాబితా' చూడ్డానికి బటన్‌లా ఉంటుంది, కోడులో అది లింకు. అది లింకుగానే ఉండాలి. ఇంకో పేజీకి తీసుకెళ్ళేది లింకు, ఇక్కడే ఏదో చేసేది బటన్. లింకయితే కొత్త ట్యాబ్‌లో తెరుచుకోవచ్చు, కాపీ చేసి అత్తయ్యకి పంపుకోవచ్చు. దాన్ని బటన్ చేస్తే ఇవన్నీ పోతాయి.

మావయ్య: అయితే అన్నిటికీ బటన్ అన్న నా మాట తప్పు.

మేనకోడలు: తప్పే. ఇంకో పెద్ద తప్పు మా వైపు నుంచి. బటన్ ట్యాగే పెడతాం, దాని మీద భూతద్దం బొమ్మ ఒక్కటి పెట్టి ఊరుకుంటాం. పేరుండదు. నీకు 'బటన్' అని వినిపిస్తుంది, అంతే. వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీల్ని పరీక్ష చేస్తుంది. నాలుగో వంతుకు పైగా పేజీల్లో ఇలాంటి పేరు లేని బటన్లే.

మావయ్య: ఆ బాధ నాకు తెలుసు. బటన్, బటన్, బటన్ అనుకుంటూ పోతాది. ఏది దేనికో దేవుడికే ఎరుక. పానెల్ మీద పేరు లేని బటన్ ఉంటే సెక్షన్ ఇంజనీరుకి ఛార్జిషీటే. సరే గాని, 'బుక్ చెయ్యండి' అని బయటికి చూపించి, ఫారం నిండేదాకా మూసి ఉంచే పద్ధతొకటి చూసేను కొన్ని పేజీల్లో. అదేటి?

మేనకోడలు: డిసేబుల్డ్. అన్నీ నింపితే గాని తెరుచుకోదు. తప్పులు తగ్గుతాయని.

మావయ్య: మేమూ మూస్తాం. లైను మీద పని జరుగుతుంటే ఆ బటన్‌కి కాలర్ వేస్తారు, పొరపాటున నొక్కకుండా. కానీ ఎందుకు వేసేరో మాస్టరుకి తెలుసు, రిజిస్టర్‌లో ఉంటాది. నీ పేజీలో ఎందుకు మూసేవో నాకు చెప్పీదెవరు? ట్యాబ్ దాన్ని దాటేసి పోతాది కూడా. ఉన్నాదనే తెలీదు.

మేనకోడలు: అది నేనూ ఒప్పుకుంటాను. తెరిచే ఉంచాలి. నొక్కాక, 'ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువైంది' అని చెప్పి కీబోర్డుని ఆ గడి దగ్గరికి తీసుకెళ్ళాలి. మా డిజైనర్లకి మూసిన బటనే ఇష్టం.

మావయ్య: చట్టం కూడా ఉన్నాది, తెలుసా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సేవలకీ వర్తిస్తాది. మొన్న 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. యాసిడ్ దాడికి గురైనోళ్ళని బ్యాంకు కేవైసీ కోసం కెమెరా ముందు కళ్ళు ఆర్పమంటే ఎలగ ఆర్పుతారు? దాని మీద కోర్టుకెళ్ళేరు, చూపు లేనాయన కూడా ఒకరు వెళ్ళేరు. డిజిటల్ సేవలు అందడం ఇరవై ఒకటో అధికరణం కింద జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది.

మేనకోడలు: చట్టాలతో నన్ను బెదిరించకు. నా పైన ప్రాజెక్ట్ మేనేజర్, ఆయన పైన క్లయింట్. క్లయింట్ ఇచ్చిన జాబితాలో కీబోర్డు అనే మాటే లేదు. 'లోగో ఇంకాస్త పెద్దది చెయ్యండి' అని మాత్రం మూడుచోట్ల ఉంది. 'బుక్ చెయ్యండి'ని బటన్ చెయ్యడం ఎంతసేపు, పది నిమిషాలు. టైముల్ని రేడియోలు చేసి, తప్పుల మాటలు సరిచేసి, కీబోర్డుతో మొత్తం పరీక్ష చెయ్యాలంటే రెండు మూడు రోజులు. ఆ రోజులకి డబ్బెవరిస్తారు?

మావయ్య: మొదట రాసినప్పుడే అలగ రాసుంటే?

మేనకోడలు: అప్పుడు రోజులేమీ ఎక్కువయ్యేవి కావు.

మావయ్య: మరింకేటి?

మేనకోడలు: మరింకేటంటే, 'బుక్ చెయ్యండి' ఈ రాత్రికే మారుస్తాను. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రేడియోల మాట మాత్రం క్లయింట్ అడిగితేనే. నేనొక్కదాన్ని మంచిదాన్నైతే వెబ్ మొత్తం బాగుపడదు మావయ్యా. అడిగేవాళ్ళుండాలి.

మావయ్య: అడుగుతన్నాను కదా.

మేనకోడలు: నువ్వు రోగివి. అడగాల్సింది డబ్బు కట్టే ఆస్పత్రి.

(ఇద్దరిలో ఎవరిది గెలుపని నన్నడిగితే, బటన్ విషయంలో మావయ్యది, ఆఖరి మాట విషయంలో మేనకోడలిది. డివ్‌కి బటన్ వేషం కట్టడానికి ఈ రోజు మిగిలిన కారణం ఒక్కటీ లేదు, అలవాటు తప్ప. ఆ అలవాటు మాన్పించాలంటే కోడు రాసేవాళ్ళకి ఉపదేశాలిస్తే సరిపోదు, డబ్బు కట్టేవాళ్ళు కళ్ళు తెరవాలి.)

మీలో ఎవరికైనా దుకాణం ఉంటే, బడి ఉంటే, ఆస్పత్రి ఉంటే, సంఘం ఉంటే, దానికి ఎవరిచేతైనా వెబ్ పేజీ చేయిస్తుంటే, ఆఖరి వాయిదా డబ్బు ఇచ్చే ముందు ఒక పని చెయ్యండి. మౌసు తీసి పక్కన పెట్టండి. ట్యాబ్, స్పేస్, ఎంటర్, బాణం కీలు, వీటితోనే మీ సొంత ఫారం మొదటి నుంచి చివరిదాకా నింపి పంపి చూడండి. కీబోర్డు ఎక్కడుందో తెరమీద కనబడకపోయినా, 'పంపండి' దగ్గర ట్యాబ్ ఆగకపోయినా, పని పూర్తి కానట్టే. సరిచేశాకే డబ్బివ్వండి.